కార్డులో ముసలమ్మ

తబితకి వయసులు రెండు. ఒకటి తల్లి కడుపులోంచి వచ్చింది. రెండోది అమలాపురంలో మంగరాజు అనే ఏజెంటు బల్ల మీద పుట్టింది. మొదటిదానికి ఇప్పుడు యాభై రెండు, రెండోదానికి అరవై. పాస్‌పోర్టులో ఉన్నదీ రెండోదే, ఆఖరికి ఊళ్లో తీయించిన ఆధార్‌లో ఉన్నదీ రెండోదే. బహ్రెయిన్‌లో చెప్పుల్లేకుండా తిరగొచ్చు గానీ సీపీఆర్ అనే గుర్తింపు కార్డు లేకుండా గుమ్మం దాటకూడదు. ఆ కార్డు కూడా మంగరాజు మాటే మాట్లాడుతుంది.

అప్పుడు తబితకి ఇరవై రెండు. చంకలో పది నెలల కూతురు దీవెన. మొగుడు ఇంకోదాన్ని చేసుకుని రాజోలు పోయాడు. మంగరాజు కళ్లజోడు పైకి నెట్టి, "ముప్పై నిండని ఆడమనిషికి ఇంటిపని వీసా మీద ముద్ర పడదమ్మా. ఓ ఎనిమిదేళ్లు కలిపేస్తున్నాను, ఏమనుకోకు" అన్నాడు. కూరగాయలవాడు పచ్చిమిరపకాయలు కొసరేసినట్టు వేసేశాడు మహానుభావుడు. తబిత అప్పుడు నవ్వింది కూడా. ఇరవై రెండేళ్ల పిల్లకి ముప్పై అంటే ఎక్కడో అవతలి ఒడ్డు మరి.

ఆ నవ్వు బహ్రెయిన్ దిగాక ముహరక్‌లో పనికి కుదిరిన మొదటి ఇంట్లోనే దిగిపోయింది. పాలు గడ్డకట్టి, జాకెట్టు తడిసి, వంటగదిలో మూల కూర్చుని ఏడుస్తుంటే అక్కడి ముసలి వంటావిడ కార్డు చూసి మరీ కసిరింది, ముప్పై ఏళ్లొచ్చాయి, చిన్నపిల్లలా ఆ ఏడుపేంటని. అంటే ఇరవై రెండుకి ఏడవాల్సిన ఏడుపు కూడా ఆవిడ లెక్కలో లేకుండా పోయింది. ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే తబితకి ఒళ్లు మండిపోతుంది.

అలాగని ముసలితనం మీద ఆవిడకి కోపమేం లేదండి. నలభైకే జుట్టు నెరిసింది. ఇక్కడి తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఆడవాళ్లంతా డబ్బాల కొద్దీ రంగు పూసుకుంటుంటే, తబిత మాత్రం ఆ తెల్లజుట్టుకి ఇంత కొబ్బరినూనె రాసి, నున్నగా దువ్వి, ముడేసుకుని బయల్దేరుతుంది. వస్తే రానీ ముసలితనం, తన కాళ్ల మీద తను నడిచి రానీ అంటుంది. మంగరాజు ఆటో ఎక్కించి ఎనిమిదేళ్లు ముందే పంపిస్తే ఎలా ఊరుకుంటాం, అదీ ఆవిడ పేచీ.

దాని మీద ఓ పాట కూడా కట్టింది. తబిత తల్లి చంద్రవ్వ కోనసీమ చేలల్లో నాట్లేసేటప్పుడు పాడిన వరస అది. మాటలు మాత్రం ఈవిడవే. ఇప్పుడు పనిచేసే సనాబిస్‌లో మేడమ్ ఇంట్లో గిన్నెలు తోముతూ, మేడమ్ తల్లికి కాళ్లు పడుతూ, పుట్టినరోజుకో చరణం చొప్పున పెంచుకుంటూ వచ్చింది. పుట్టినరోజంటే అసలు పుట్టినరోజే, కార్డుది కాదు.

ఇదంతా ఇలా సాఫీగా నడుస్తుండగా, ఓ మంగళవారం ఎలియేజరు ఫోన్ చేశాడు. తెలుగు ఫెలోషిప్‌కి సెక్రటరీ. హూరాలో ఉంటాడు, ఏదో కంపెనీ స్టోర్లో పని. గురువారం సాయంత్రం జుట్టుకి రంగేస్తాడు, శుక్రవారం ఆరాధనకి వచ్చేసరికి రంగంటి చొక్కా కాలరు కూడా పడుచుదవుతుంది.

"వందనాలక్కా" అన్నాడు. "ఈ శుక్రవారం కోతపండుగకి తెల్లచీర కట్టుకుని రండి. ముందు వరసలో మీకు కుర్చీ వేయిస్తున్నాను."

"నాకెందుకన్నా కుర్చీ? పులిహోర కలపాలి కదా."

"ఈసారి మీరేం కలపక్కర్లేదు. అరవై నిండినవాళ్లకి సంఘం తరపున శాలువా కప్పుతున్నాం. అందర్నీ వెతికితే మీరొక్కరే తేలారు."

"ఎక్కడ వెతికారేంటి?"

"హాలు అద్దెకిచ్చేవాళ్లు అడిగారని అందరి కార్డు కాపీలు తీసుకున్నాం కదక్కా. అందులో చూశాను. ఫ్లెక్సీ కూడా చేయించేశాం, మీ ఫొటో పక్కన ఇంత పెద్ద అరవై."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఎలియేజరుదీ తబితదీ ఒకే ఊరు. ఆయన పదో తరగతి చదువుతూ ఆదివారం బడిలో పిల్లల చేత వాక్యాలు అప్పచెప్పించుకునేవాడు. రెండో తరగతి తబిత వాక్యం మర్చిపోతే చెవి మెలిపెట్టేవాడు. అంటే నిజంగా అరవై నిండింది ఎవరికో వేళ్ల మీద లెక్కేసుకోండి. కానీ ఆయన్ని పంపిన ఏజెంటు వేరు. వాడు కొసరేసే రకం కాదు, తూకంలో కొట్టే రకం. ఎలియేజరు కార్డుకి యాభై మూడే. అందుకని ముప్పై ఏళ్లుగా ఈవిడ ఆయన్ని అన్నా అంటుంది, ఆయన ఈవిణ్ణి అక్కా అంటాడు. విన్నవాళ్లు మర్యాదస్తులనుకుంటారు.

"అన్నా, నా చెవి మెలిపెట్టిన చెయ్యి నీది. మర్చిపోయావా?" అంది తబిత.

అవతల దగ్గు వినిపించింది. "పాతవన్నీ ఇప్పుడెందుకక్కా. కార్డులో ఏముంటే అదే కదా మనం." అని, ఇంకో మాట అనే సందివ్వకుండా, "పాటలూ అవీ పెట్టుకోకండి, లోక సంబంధమైనవి వేదిక మీద పాస్టరుగారు ఒప్పుకోరు" అని పెట్టేశాడు. ఆవిడ పాట సంగతి ఫెలోషిప్ వంటగది గుంపుకంతా తెలుసు మరి.

తబితకి ఆ రాత్రి అన్నం సయించలేదు. శాలువా గురించి కాదు. కార్డు రెన్యువల్‌కి ఇంకా రెండు నెలలే ఉంది. మేడమ్ ఏనాడూ ఆ కార్డు చేత్తో పట్టుకుని చూసినట్టు లేదు, కాగితాలన్నీ ఆఫీసువాడే చూసుకుంటాడు. ఇప్పుడీ అరవై ఫ్లెక్సీ ఎక్కి, ఫేసుబుక్కెక్కి, ఆవిడ కంట పడితే? ముసలిదానితో నాకేం పని, టికెట్ తీసిస్తాను పో అంటుంది. వెళ్లాల్సిన రోజున తబితే వెళ్తుంది, ఒకళ్లు తోలక్కర్లేదు. పోనీ నాకు అరవై కాదు మొర్రో అని అక్కడే చెప్పేస్తే? పాస్టరుగారి ముందు ముప్పై ఏళ్లుగా దొంగ కాగితంతో తిరుగుతున్నానని ఒప్పుకున్నట్టు. ఇటు ముసలిది, అటు దొంగది. రెండిట్లో ఏదో ఒకటి అయి తీరాలి.

శుక్రవారం పొద్దున ఇంటి డ్రైవరు వెంకటి కారు తీశాడు. జగిత్యాల దిక్కు మనిషి, ఈ ఇంట్లో ఆరేళ్లుగా ఉన్నాడు. ఆ ఇంట్లో తబిత సంగతంతా తెలిసిన ఒకే ఒక్కడు. సనాబిస్ నుంచి హాలున్న ఉమ్మ్ అల్ హస్సామ్ పోయేదాకా ఒకటే నస.

"అక్కా, నా మాటిను. కడుపునొస్తుందని జెప్పి ఇంట్లనే పండుకో. ఇంతకుముందు మా లేబర్ క్యాంపుల పోశన్నకు అరవై నిండంగనే ఖలాస్ అన్నరు. మంచిగ నడుస్తుండె, నాలుగు బస్తాలు మోస్తుండె. అయినా ఇన్నరా? కాగితం జూసి పంపిచ్చిండ్రు. మనిషి మొఖం ఎవడు జూస్తడక్కా."

"నేను రాకపోయినా ఫ్లెక్సీ ఉంటుంది కదా తమ్ముడూ."

"ఫ్లెక్సీ చింపుతనా మరి?"

"నువ్వు నోరుమూసుకుని పద. నేను చూసుకుంటాను."

ఏం చూసుకుంటుందో ఆవిడకే తెలీదు. తెల్లచీర మాత్రం కట్టుకోలేదు. కావాలనే చిలకపచ్చ చీర కట్టింది, ఎర్ర అంచుది.

బహ్రెయిన్‌లో కోతకొచ్చే చేను ఎక్కడుందని అడక్కండి. కోతపండుగ మాత్రం మానరు. దుకాణంలో కొన్న గుమ్మడికాయలూ గోంగూర కట్టలూ వేదిక ముందు పేర్చి, ప్రార్థన చేసి, పోటీలు పడి వేలం పాడుకుంటారు. చేలో పనిచేసినవాళ్లు ఆ హాల్లో పదిమంది కూడా ఉండరు గానీ గోంగూర కట్ట దగ్గర అందరూ రైతులే. ఆ హడావుడి అయ్యాక ఎలియేజరు మైకు పట్టుకుని పైకెక్కాడు. వెనక ఫ్లెక్సీ మీద తబిత బొమ్మ, పాస్‌పోర్టు ఫొటోని పెద్దది చేశారేమో దిష్టిబొమ్మలా ఉంది. పక్కన పసుపు రంగులో అరవై. హాలు చివర్నుంచి కూడా కనబడుతుంది.

"మన మధ్య అత్యంత వృద్ధురాలు, మనందరికీ తల్లిలాంటిది, అక్కగారు తబితమ్మ" అన్నాడు. తల్లిలాంటిదట. చెవి మెలిపెట్టిన చేత్తోనే శాలువా మడత విప్పుతున్నాడు.

తబిత మెట్లెక్కింది. వంగలేదు, మెడ ఇవ్వలేదు. చెయ్యి చాచి, "మైకిలా ఇవ్వన్నా, సాక్ష్యం చెప్పుకుంటాను" అంది.

తెలుగు సంఘంలో పాట పాడతానంటే వద్దనొచ్చు, కబురు చెప్తానంటే టైం లేదనొచ్చు. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్తానన్నవాళ్లని మాత్రం ఏ సెక్రటరీ ఆపలేడు. ఆపితే వాడే సాతాను. పాస్టరుగారు కూడా తలూపారు. ఎలియేజరు మైకు ఇచ్చి, శాలువా రెండు చేతుల మీద పరుచుకుని పక్కన నిలబడిపోయాడు.

"ఇన్నేళ్లూ దేవుడు నన్ను చల్లగా చూశాడు. ఎన్నేళ్లో మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను" అంది తబిత. అని, చంద్రవ్వ వరసలో ఎత్తుకుంది.

"జుట్టు వయసు అరవయ్యమ్మా, నూనె పెట్టి దువ్వుకుంటా
మోకాలి వయసు డెబ్బయ్యమ్మా, మెట్టు మెట్టుకి తిట్టుకుంటా
పంటి వయసు నలభయ్యమ్మా, చెరకు గడనే నముల్తుంటా
నోటి వయసు పదహారమ్మా, ఎదురొచ్చావా చూసుకుంటా"

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వంటగది ఆడవాళ్లు గరిటెలతో సహా గుమ్మంలోకి వచ్చేశారు. వాళ్లకి పాట వచ్చు, చివరి ముక్క అందుకున్నారు. కీబోర్డు వాయించే షాలేమ్ ఆగలేక రెండు మెట్లు నొక్కాడు, ఎలియేజరు కళ్లెర్రజేస్తే చేతులు తీసేశాడు గానీ మళ్లీ మొదలెట్టాడు.

"ముసలిదంటే మూతి విరవను, పడుచుదంటే పొంగిపోను
ముడతకొక్క కథ ఉందమ్మా, తీరికుంటే కూచో చెబుతా
కొందరి జుట్టుకి పాతికేళ్లే, మెడకి మాత్రం అరవయ్యమ్మా
రంగు కడిగి చూసుకుంటే అద్దం కూడా అన్నా అంటది"

హాలంతా గొల్లుమంది. పేరెవరూ అనలేదు గానీ, రెండొందల మంది ఒక్క కాలరు వైపే చూశారు. పాపం, శాలువాతో చేతులు రెండూ నిండిపోయి ఉన్నాయి కాబట్టి కాలరు దాచుకునే వీలు కూడా లేదాయనకి.

అక్కడికి ఆపేస్తే సరిపోయేది. అరవై అన్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. కానీ తబిత పక్కకి తిరిగి ఫ్లెక్సీ చూసింది. ఆ పసుపు అరవై. ఆ పక్కన తన మొహం. ముహరక్ వంటగది మూల కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. అప్పటిదాకా కట్టని చరణం దానంతట అదే నోట్లోకి వచ్చేసింది.

"కార్డులోన ఉన్న ముసలమ్మ ఎవరో నేనెరగనమ్మా
వచ్చిందంటే పిలవండి, శాలువ ఆవిడకే కప్పండి
పక్కన నిలబడి నేనేమో చప్పట్లు కొడతా"

కొందరు నవ్వారు. కొందరికి సగంలో నవ్వు ఆగిపోయింది. ఆ హాల్లో ఆడవాళ్లలో సగంమంది మంగరాజు లాంటివాళ్ల బల్లల మీంచి వచ్చినవాళ్లే. ఎవరి ఎనిమిదేళ్లు వాళ్లకి గుర్తొచ్చినట్టున్నాయి. ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పాస్టరుగారు లేచి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. ఆయనకి అంతకంటే ఏం చేయాలో తోచలేదు. శాలువా చివరికి అమ్ముడుపోని గుమ్మడికాయ మీద పడుకుంది.

భోజనాల దగ్గర ఎలియేజరు ఆవిణ్ణి పట్టుకున్నాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఏమే తబితా, నలుగుర్లో నన్ను లాగుతావా? కంపెనీవాళ్లు వింటే నా గతేం కాను?"

తబిత పులిహోర విస్తరి ఆయన చేతిలో పెట్టింది. "మరి అరవై మా మేడమ్ చెవిన పడితే నా గతేం కాను? అది నీకు తట్టలేదు. పోనీలే, ఇన్నాళ్లకి వరసకి పిలిచావన్నా. తిను, చల్లారిపోతోంది" అంది.

అసలు కొంప వెంకటి ముంచాడు. హాలు వెనక నిలబడి పాటంతా ఫోన్లో తీసి, "మా అక్క పాట" అని స్టేటస్ పెట్టాడు. సంబరం కొద్దీ పెట్టాడు, పెట్టేముందు వెనక అరవై ఎంత బాగా కనబడుతోందో చూసుకోలేదు. ఇంటికి పంపుతారు జాగ్రత్త అని దారి పొడుగునా నస పెట్టినవాడు వీడే. వాడి ఫోన్లో మేడమ్ నంబరు కూడా ఉంది.

శనివారం పొద్దున మేడమ్ పిలిచింది. గల్ఫు ఇళ్లలో యజమానురాలిని 'మామా' అనాలి. మొదట్లో తబితకి నోరు తిరిగేది కాదు, ఆడమనిషిని పట్టుకుని మామా ఏంటని నవ్వొచ్చేది. ఆ రోజు నవ్వు రాలేదు. మామా హాల్లో సోఫా మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. పక్కన వెంకటి, స్కూల్లో పట్టుబడ్డవాడిలా నిలబడ్డాడు. ఫోన్లో తన గొంతే వినిపిస్తోంది తబితకి.

"సిత్తీన్" అంది మామా, ఫ్లెక్సీ మీద అరవై చూపిస్తూ.

తబిత టికెట్ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

"నాకు తెలుసు" అంది మామా. ఆవిడ మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. "నువ్వొచ్చిన రోజే కార్డు చూశాను. పదకొండేళ్లయింది. అందుకే వచ్చే నెల ఒక అమ్మాయిని తెప్పిస్తున్నాను. పైఅంతస్తు, మెట్లు, కిటికీలు, బరువులు అన్నీ ఆ అమ్మాయి చూసుకుంటుంది. నువ్వు కింద మా అమ్మ దగ్గర కూర్చో, చాలు. అరవై ఏళ్ల మనిషి చేత మెట్లు కడిగించడం నాకూ బాగుండదు."

తబిత ఇన్నాళ్లూ దేనికి భయపడిందో అది లేనే లేదు. కార్డులో ముసలమ్మ కూర్చోబెట్టి తిండి పెట్టిస్తానంటోంది. వెంకటి మొహం కూడా వెలిగింది.

"కానీ వీడు ఆ పాటకి అర్థం చెప్పాడు" అంది మామా. "కార్డులో ఉన్నది నువ్వు కాదన్నావట. కార్డు సంగతి నాకొద్దు. నిన్నడుగుతున్నాను, చెప్పు. నీ వయసెంత?"

మామా పక్కనించి వెంకటి కళ్లతోనే బతిమాలుతున్నాడు. తెలుగులో గొణిగాడు కూడా, "అక్కా, అరవై అను, నీకు దండం బెడ్త, అరవై అను."

అను అంటే అనేయొచ్చు. ఒక్క మాట. మోకాళ్లు కూడా అనమనే చెప్తున్నాయి. ఈ దేశంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచి తబిత వయసు అడిగినవాళ్లు లక్షమంది ఉంటారు. ఆస్పత్రిలో, ఎయిర్‌పోర్టులో, ఆఫీసుల్లో. అందరూ కార్డు పట్టుకుని కార్డునే అడిగారు. ఈవిడ మొహం చూసి అడిగింది మామా ఒక్కతే.

"యాభై రెండు మామా" అంది తబిత. ముప్పై ఏళ్లలో పైవాళ్ల ముందు ఆ మాట పైకనడం అదే మొదటిసారి. కన్నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు. "ఇరవై రెండేళ్ల పిల్లనై వచ్చాను. పాలు తాగే బిడ్డని వదిలి వచ్చాను. ముప్పై కాదు, ఇరవై రెండు."

మామా లేచి వచ్చి తబిత మోచేతి మీద చెయ్యేసి ఒకసారి నొక్కింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, ఊపిరి తీసి, "నాకంటే పదేళ్లు చిన్నదానివి" అంది. కాస్త ఆలోచించింది. ఎంతైనా ఇల్లు నడిపే మనిషి. "అయితే ఆ అమ్మాయి ఎందుకింక? ఖలాస్, వద్దని చెప్పేస్తాను. రెన్యువల్ చేయిస్తాను, నువ్వే చూసుకో. యల్లా, పద, పైన కిటికీలు దుమ్ము పట్టాయి."

వంటగదిలో వెంకటి నెత్తి కొట్టుకున్నాడు. "ఏందక్కా గిట్ల జేస్తివి. నెత్తి మీదికచ్చిన సుఖాన్ని కాలితోని తంతివి. అరవై అంటే నీ సొమ్మేం పోయేది?"

"ఎనిమిదేళ్లు పోయేవి తమ్ముడూ" అంది తబిత, బకెట్‌లో నీళ్లు పడుతూ. "మొదటిసారి నాకు తెలీక పోయాయి. ఇప్పుడు తెలిసి ఇమ్మంటావా?"

వెంకటి బకెట్ అందుకోబోతే చెయ్యి మీద ఒక్కటేసింది. కొంగు దోపుకుని మెట్లెక్కడం మొదలెట్టింది. నాలుగో మెట్టు దగ్గర మోకాలు పట్టేసింది. కింద వెంకటి చూస్తున్నాడని తెలుసు. కమ్మీ పట్టుకుని, ఊపిరందేదాకా అక్కడే నిలబడి, కార్డునీ మోకాలినీ కలిపి ఒక తిట్టు తిట్టుకుని, అయిదో మెట్టు మీద కాలు పెట్టింది.